వైద్యపు బాకీ - పరపతి పత్రము

వ్యాధి యెవ్వరును కోరి తెచ్చుకొనునది కాదు. పొలము కొనుటకో వ్యాపారము పెంచుటకో చేసిన అప్పునకును, అర్ధరాత్రమున గుండెనొప్పితో ఆసుపత్రి చేరినవానిపై పడిన బాకీకిని భేదము లేదా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో చట్టము ఈ భేదమును నేటికిని పూర్తిగా అంగీకరింపలేదు. అచ్చట గృహస్థుల ఋణచరిత్రను ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అను మూడు సంస్థలు లిఖించి యుంచును. ఇల్లు కొనవలెనన్నను, అద్దెకు తీసికొనవలెనన్నను ఆ పత్రమే పరపతికి కొలబద్ద. టెక్సాసులోను న్యూజెర్సీలోను కాపురమున్న మన బిడ్డలు వేలకొలది కలరు గనుక, ఈ విషయము మా పాఠకులకు పరాయిది కాదు.

2022లో ఈ సంస్థలు, చెల్లు వేసిన వైద్యపు బాకీలను పత్రము నుండి తొలగించినవి. చెల్లింపని బాకీని ఎక్కించుటకు ఆరు మాసములకు బదులు ఒక సంవత్సరము గడువిచ్చినవి. 2023లో 500 డాలర్లకు లోబడిన వానిని కూడ తీసివేసినవి. మంచిదే. కాని యిది దయ, హక్కు కాదు. వైద్యపు బాకీల నన్నిటిని తొలగింపవలెనని వినియోగదారుల ఆర్థిక రక్షణ శాఖ 2025 జనవరిలో నిబంధన గావింపగా, ఆ శాఖకు అట్టి అధికారము లేదని టెక్సాసులోని ఫెడరల్ న్యాయస్థానము ఆ జూలైలోనే దానిని కొట్టివేసినది. కొలరాడో, న్యూయార్కు రాష్ట్రములు 2023లో సొంత శాసనములు చేసికొన్నవి. రోగి తానుండు రాష్ట్రమును బట్టి పరపతి నిలుచుటయో పోవుటయో న్యాయమా? అమెరికా కాంగ్రెసే చట్టము చేయవలెనని మా దృఢాభిప్రాయము.

అంతవరకు, ఉన్న చట్టములనైనను వాడుకొనవలదా? 1977 నాటి చట్టము ప్రకారము వసూలు కంపెనీ మొదట పలుకరించిన అయిదు దినములలో బాకీ వివరములు వ్రాతమూలముగా తెలుపవలెను. అవి అందిన 30 దినములలో బాకీదారు వ్రాతమూలముగా ఆక్షేపించినచో, రుజువు పంపువరకు వసూలు నిలుపవలసినదే. మనవారు చేయు పని వేరు. టెలిఫోనులో గద్దించిన గొంతునకు బెదరి, బిల్లు చదువకయే క్రెడిట్ కార్డుతో చెల్లింతురు. కార్డు మీది కెక్కిన మరుక్షణమున అది వైద్యపు బాకీ కాక సామాన్యమైన అప్పగును. పైని చెప్పిన మినహాయింపులు పోయి వడ్డీ మాత్రము మిగులును. అప్పు చేసియైనను మాట దక్కించుకొనుట మన పెద్దలు నేర్పిన మర్యాదయే. లెక్క చూచుకొనుట ఆ మర్యాదకు విరుద్ధమని వారెన్నడును చెప్పలేదు. బీమా కంపెనీ యియ్యవలసిన సొమ్మును రోగి పేర వ్రాయుట, ఒకే పరీక్షకు రెండుమారులు వేయుట అచ్చట అరుదు కాదు.

పన్ను మినహాయింపు పొందు ధర్మ ఆసుపత్రులు సహాయ విధానమును వ్రాసి ప్రకటింపవలెనని చట్టము. మొదటి బిల్లు నుండి 240 దినముల వరకు అర్జీని స్వీకరింపవలెను. ఆదాయపు మితి ఆసుపత్రి ఆసుపత్రికి వేరు. పరపతి పత్రమును వారమున కొకసారి ఉచితముగా తెప్పించుకొనవచ్చును. అందలి తప్పును ఆక్షేపించినచో సంస్థ సామాన్యముగా 30 దినములలో విచారింపవలెను.

బిడ్డలను చూడబోవు తల్లిదండ్రుల సంగతి యింకొకటి. ప్రయాణపు బీమాలు పెక్కు పూర్వమున్న వ్యాధులకు చాలవు. తండ్రి చికిత్సకు హామీగా సంతకము చేసిన కుమారుని పరపతికే ముప్పు. ఆ షరతులు విమానమెక్కుటకు ముందే, ఇంటియొద్దనే, తెలిసినవారిచే చదివించుకొనుట మేలు.