వెనక డిస్కులు షౌఖ్, హ్యాండ్ బ్రేకు జరూరత్



ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా ఏ మెకానిక్ షెడ్డులో కాసేపు కూర్చున్నా ఈ మధ్య ఒక బహస్ చెవిన పడుతోంది. పాత మహీంద్రా జీపుకో, జిప్సీకో వెనక డ్రమ్ము బ్రేకులు పీకేసి డిస్కులు వేయించాలా, వద్దా? గల్ఫ్ నుంచి నాలుగు డబ్బులు కూడబెట్టుకుని వచ్చిన నౌజవాన్లు వేయించాలంటారు. వాళ్ల అబ్బాలు "ఇన్నేళ్లు నడవలేదా?" అంటారు. అమ్మీలను మాత్రం ఎవరూ మష్వరా అడగరు. వెనక సీట్లో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది వాళ్లే.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. పాత జీపుకు వెనక డిస్కులు షౌఖ్. ముందు చక్రాలకు మంచి బ్రేకు, వెనక తిన్నగా పనిచేసే డ్రమ్ము, వాలు మీద బండిని పట్టి ఉంచే హ్యాండ్ బ్రేకు, ఇవి జరూరత్. జరూరత్ తీరకుండా షౌఖ్ మీద ఖర్చు పెడితే, ఆ కమీ బయటపడేది ఇంట్లో వాళ్లంతా బండిలో ఉన్న రోజునే.

డిస్కుల పక్షాన ఉన్న మాటను తోసిపుచ్చను. అందులో సచ్చాయీ ఉంది. మన వైపు దారులు తెలిసిందే. చర్ల వైపు తాలిపేరు, చింతూరు దగ్గర శబరి, ఇటు కిన్నెరసాని. వానాకాలం వచ్చిందంటే లోలెవెల్ చప్టాల మీద నుంచి నీళ్లు పారుతుంటాయి. డ్రమ్ము మూసి ఉన్న డబ్బా లాంటిది. నీళ్లు, బురద, ఇసుక లోపలికి పోతే తొందరగా బయటికి రావు. తడిసిన లైనింగ్ జారుతుంది, పెడల్ తొక్కినా బండి ఆగనంటుంది. డిస్కు బయటే తిరుగుతుంది కాబట్టి నీళ్లు విసిరేస్తుంది, ప్యాడ్లు తుడిచేస్తాయి.

వేడి సంగతీ అంతే. చింతూరు, మారేడుమిల్లి మధ్య ఘాట్ దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు మీద కాలు పెడితే డ్రమ్ము కాలి వ్యాకోచించి లైనింగ్‌కు దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. డిస్కుకు గాలి బాగా తగులుతుంది, తొందరగా చల్లారుతుంది. ఆ ఘాట్‌ను తేలిగ్గా తీసుకోవద్దని నేను చెప్పనక్కర్లేదు. 2019 అక్టోబర్‌లో అక్కడ టూరిస్టు బస్సు లోయలో పడి ప్రాణాలు పోయాయి.

మరి అభ్యంతరం ఏమిటి? బ్రేకు అంటే చక్రం దగ్గర కనిపించే సామాను ఒక్కటే అన్న గలత్‌ఫహమీ.

బ్రేకు తొక్కగానే బండి ముక్కు కిందికి దిగుతుంది, బరువు ముందుకు పోతుంది. అందుకే ఆపే పనిలో పెద్ద వాటా ముందు చక్రాలదే. ఘాట్ దిగుతున్నప్పుడు ఆ వాటా ఇంకా పెరుగుతుంది. వెనక బ్రేకు మరీ బలంగా పట్టి, ముందు చక్రాల కంటే వెనక చక్రాలు ముందే జామ్ అయితే, బండి తోక పక్కకు తిరుగుతుంది. తడి రోడ్డు మీద, మలుపులో అలా జరిగితే స్టీరింగ్ చేసేది ఏమీ ఉండదు. కంపెనీలకు ఈ లెక్క తెలియక కాదు. జిప్సీ కింగ్‌కు ముందు డిస్కు, వెనక డ్రమ్ము. 2020లో వచ్చిన కొత్త థార్‌కూ అంతే. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీకీ అంతే. అందులో కంపెనీ ఖర్చు లెక్క ఉండొచ్చు, కానీ అడవి దారులకని అమ్మే బండ్లకు కూడా వెనక డ్రమ్ము చాలుతోంది. అన్ని చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పాత జీపు మీ దగ్గర ఉంటే, డిస్కుల డబ్బు ముందు చక్రాల మీద పెట్టండి. ఫర్ఖ్ మొదటి రోజే తెలుస్తుంది.

రెండోది, డ్రమ్ములో ఒక ఖూబీ ఉంది. చక్రం తిరిగే జోరే బ్రేకు షూను డ్రమ్ములోకి లాగి అదుముతుంది. కాలి బలానికి చక్రం బలం తోడవుతుంది. డిస్కుకు ఈ మదద్ లేదు. ప్రెషర్ అంతా పెడల్ నుంచే రావాలి. కాబట్టి బూస్టర్ కావాలి, బూస్టర్‌కు వాక్యూమ్ కావాలి. పెట్రోల్ ఇంజిన్‌లో వాక్యూమ్ మామూలుగా దొరుకుతుంది. డీజిల్‌లో దొరకదు, దానికి వేరే పంపు ఉండాలి. చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. ఆ పంపు లేని, లేదా అరిగిపోయిన పాత డీజిల్ జీపుకు నాలుగు డిస్కులు వేస్తే పెడల్ రాయిలా గట్టిపడుతుంది.

మూడోది మాస్టర్ సిలిండర్. కాలిపర్ పిస్టన్ పెద్దది, దానికి ఎక్కువ ఆయిల్ కావాలి. పాత సిలిండర్ చాలకపోతే పెడల్ నేల దాకా పోతుంది. కొన్ని డ్రమ్ము లైన్లలో కాలు తీసినా కొంచెం ప్రెషర్ నిలిపి ఉంచే చిన్న వాల్వ్ ఉంటుంది. దాన్ని మార్చకుండా డిస్కు పెడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. ఘాట్ మొదలుకాక ముందే డిస్కు కాలిపోయి ఉంటుంది. లోడును బట్టి వెనక ప్రెషర్ మార్చే వాల్వ్ ఉన్న బండయితే ఆ లెక్క కూడా మళ్లీ వేయాలి.

ఇక అసలు సంగతి, హ్యాండ్ బ్రేకు. చాలా బండ్లలో దాని కేబుల్ వెనక డ్రమ్ములోకే పోతుంది. డ్రమ్ము పీకేస్తే హ్యాండ్ బ్రేకు కూడా పోతుంది. చవకగా దొరుకుతుందని ఏదో కారు ముందు కాలిపర్ తెచ్చి వెనక బిగిస్తారు. దానికి హ్యాండ్ బ్రేకు లివరే ఉండదు. ఒక షెడ్డులో అలాంటి జీపు చూశాను. నాలుగు చక్రాలకూ మెరిసే డిస్కులు, వెనక చక్రం కింద ఒక రాయి. "హ్యాండ్ బ్రేకు ఏది భాయ్?" అంటే ఓనరు నవ్వుతూ ఆ రాయినే చూపించాడు. ఆ రాయి బండిలోనే తిరుగుతుందట. బొగత జలపాతానికి ఖానదాన్‌తో పోయినప్పుడు, వాలు మీద బండి ఆపి పిల్లల్ని దింపుతున్నప్పుడు, ఆ రాయి ఎవరి చేతిలో ఉంటుంది?

పాత విల్లీస్ తరహా జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర కాక ట్రాన్స్‌ఫర్ కేసు వెనక చిన్న డ్రమ్ము మీద పనిచేసేది. అది ఉన్న బండికి ఈ తిప్పలు తక్కువే. కానీ అదీ పూర్తి ఎతెబార్ పెట్టదగింది కాదు. వెనక ఒక చక్రం జాకీ మీద లేస్తే, డిఫరెన్షియల్ దాన్ని తిరగనిస్తుంది, బండి కదులుతుంది. ఆయిల్ ప్రెషర్‌ను బిగించి ఉంచే లైన్ లాకులు కూడా హ్యాండ్ బ్రేకుకు బదులు కావు. ప్రెషర్ మెల్లగా దిగిపోతుంది, బండి మెల్లగా జారుతుంది.

కానూన్ సంగతి కూడా షెడ్డులో ఎవరూ ఎత్తరు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్లు మార్చడానికి లేదు. కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పుకు ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా రెండూ అని రాశారు. 2014 తర్వాత భద్రాచలం దాటి ఎటపాక చేరితే ఆంధ్రలో ఉన్నట్టే. కానూన్ మాత్రం అటూ ఇటూ ఒకటే. పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ మీ కంటే బాగా సెక్షన్లు చదివి వస్తుంది.

అయితే డిస్కులు ఎవరికీ వద్దా? ముందు డిస్కులు, మంచి బూస్టర్ ఇప్పటికే ఉన్నవాళ్లు, తరచూ వాగులు దాటేవాళ్లు, కాగితాలు సరిచేసుకున్నవాళ్లు వేయించుకోవచ్చు. హ్యాండ్ బ్రేకు లివర్ ఉన్న వెనక కాలిపరే కొనాలి. బ్రాకెట్ గ్యాస్ కట్టింగ్ రేకు కాకుండా కొలతకు మిల్లింగ్ చేసిందై ఉండాలి. పని అయ్యాక ఖాళీ మైదానంలో ముప్పై నలభై వేగంలో గట్టిగా బ్రేకు తొక్కి, ముందు చక్రాలే ముందు పడుతున్నాయో లేదో బయటి నుంచి ఇంకొకరు చూడాలి. నిండు లోడుతో వాలు మీద, ముందుకూ వెనక్కూ, హ్యాండ్ బ్రేకు పట్టాలి. ఇవన్నీ చేయలేకపోతే డ్రమ్ములే నయం.

ఆ డ్రమ్ములకైనా మనం హక్ ఇస్తున్నామా? వెనక బ్రేకు పట్టడం లేదని వచ్చే పాత జీపుల్లో తరచూ కనిపించేది ఇది. యాక్సిల్ సీలు కారి గేర్ ఆయిల్ లైనింగ్ మీద పడి ఉంటుంది. యాక్సిల్‌కు గాలి పోయే చిన్న బ్రీదర్ బురదతో మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీలును తోసేస్తుంది. బ్రీదర్ శుభ్రం చేయడానికి పావుగంట చాలు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చండి. వాగు దాటాక పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించి కొంతదూరం నెమ్మదిగా పోనిస్తే డ్రమ్ము ఆరిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. ఇంకొకటి, షెడ్డులో పనిచేసే చోటూ డ్రమ్ము విప్పి గాలిపైపుతో దుమ్ము ఊదుతుంటే ఆపండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. తడిగుడ్డతో తుడవమనండి.

మన ఉస్తాదులకు ఒక గుజారిష్. ఖమ్మం జిల్లా షెడ్లలో మనవాళ్ల హునర్ ఎంత ఉందో నాకు తెలుసు. "పంక్చర్‌వాలా" అని ఎగతాళి చేసేవాళ్లకు వాదనతో జవాబు అక్కర్లేదు. చేసిన పని కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఏ కాలిపర్, ఏ సిలిండర్, ఏ వాల్వ్ మార్చాం, ఏ పరీక్ష చేశాం, ఏ తేదీన. హునర్‌కు జిమ్మేదారీ తోడైతేనే ఇజ్జత్. ఇంటి పెద్దలూ ఆ కాగితం అడగండి. అడగడం అంటే ఉస్తాద్ మీద షక్ పడటం కాదు. బండి ఎక్కినవాళ్ల జాన్ ఓనరు దగ్గరా, మిస్త్రీ దగ్గరా అమానత్.

తవక్కుల్ మన ఈమాన్‌లో భాగమే, కానీ ఒంటెను కట్టేసిన తర్వాతే. అద్దం మీద 786 రాసుకున్నాం, సఫర్ దువా చదువుకున్నాం. హ్యాండ్ బ్రేకు కేబుల్ కూడా బిగించి ఉందో లేదో చూసుకుని కదలండి. అల్లాహ్ అందరి సఫర్‌నూ సలామత్‌గా ఉంచుగాక. ఆమీన్.