ఏడిపించే కథకు నవ్వుల కిరీటమా?

'ది బేర్' గొప్ప సిరీస్, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. చనిపోయిన అన్న వదిలి వెళ్లిన శాండ్‌విచ్ కొట్టును నిలబెట్టడానికి షికాగోలో కార్మీ పడే యాతన చూస్తుంటే ఆ వంటింటి సెగ మనకూ తగులుతుంది. నాకు మింగుడు పడనిదల్లా దాన్ని కామెడీ కింద జమకట్టడం. రెండో సీజన్‌లో 'ఫిషెస్' ఎపిసోడ్ చూడండి. అన్న బతికున్నప్పటి క్రిస్మస్ విందు. పొయ్యి దగ్గర తల్లి డోనా, చేతిలో మద్యం గ్లాసు, ఆగకుండా మోగే టైమర్లు. బల్ల దగ్గర పెద్దకొడుకు ఫోర్కులు విసురుతుంటాడు. చివరికి ఆమె కారుతో ఇంట్లోకే దూసుకొస్తుంది. చూసేవాడికి ఊపిరాడదు, నవ్వెక్కడిది? డోనాగా జేమీ లీ కర్టిస్‌కు 2024లో ఎమ్మీ వచ్చింది, రావాల్సిందే. కానీ ఇచ్చింది కామెడీ విభాగంలో! ఆ ఏడు సెప్టెంబరులో ఉత్తమ కామెడీ 'హ్యాక్స్'కు దక్కడం ఒక్కటే ఊరట. అదే ఏడు జనవరిలో ఇదే అవార్డు పోటీలో మాత్రం 'ది బేర్' చేతిలో ఓడినవాటిలో 'అబట్ ఎలిమెంటరీ' ఉంది. ఫిలడెల్ఫియాలో నిధుల్లేని సర్కారు బడి, అందులో టీచర్ల పాట్లు. ఒక టీచరు మాట మధ్యలో ఆపి కెమెరా వైపు చూస్తుంది, మనం పగలబడి నవ్వుతాం. ఆ చూపు రెప్పపాటు ఆలస్యమైతే నవ్వు చచ్చిపోతుంది. ఇంత కొలతగా నవ్వించడం కన్నీళ్లు పెట్టించడం కన్నా తేలికని ఎవరన్నారు? కార్మీ కథను డ్రామాల సరసన నిలబెట్టండి, అక్కడ ఎవరితోనైనా దీటుగా పోటీపడుతుంది.