వేపగింజలు పిల్లలనే ఏరనివ్వండి



పోయినేడాది ఏడో తరగతికి కుండీలో కూరగాయ మొక్క పెంచే ప్రాజెక్ట్ ఇచ్చాను. బెండకు పేనుబంక పట్టగానే ఒక బాబు వాళ్ల మిరపచేను మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి తెచ్చాడు. "నాలుగు చుక్కలు చాలంట మేడమ్" అన్నాడు. ఆ సీసా లంచ్ బాక్స్ పక్కనే ఉంది. వాడిని తిట్టలేదు. ఇంట్లో చూసిందే చేశాడు.

ఈ నెల మళ్లీ అదే ప్రాజెక్ట్ ఇస్తున్నాను. మార్కాపురంలో, గిద్దలూరులో వేపచెట్లకు కరువా? ఇప్పుడు పండ్లు రాలుతున్నాయి. గింజలు ఏరి, నీడలో ఆరబెట్టి, పెంకు తీసి పప్పు దంచండి. 50 గ్రాముల పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పాత చీరగుడ్డతో వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలపండి. ఎండకు దాని గుణం పోతుంది, అందుకే సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టాలి. ఆ రోజే వాడేయాలి. పురుగు వెంటనే చావదు, మెల్లగా తినడం మానేస్తుంది. ఆ ఓపిక పిల్లలకు కష్టమే (మనకు ఇంకా కష్టం!).

అయితే ఇంట్లో చేసిందల్లా మంచిదే అనుకోకండి. మన వైపు పొగాకు కాడల కషాయం చెప్పేవాళ్లుంటారు. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, పిల్లల చేత అది వద్దు. పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరడం కూడా పెద్దవాళ్ల పనే.

మార్కుల కోసం మీరే చేసి పంపకండి. ఆకుకు చిల్లులున్నా నేను మార్కులు తగ్గించను. పురుగుమందు సీసాల్లో పోసిపెట్టే అలవాటుంటే మాత్రం ఈ రోజే మానండి. అది దాని డబ్బాలోనే, తాళం వేసిన చోట ఉండాలి.