మందు రాయడం వస్తే చాలదు

సైకియాట్రీ డాక్టర్లకు మేనేజ్‌మెంట్, లీడర్‌షిప్ శిక్షణ కావాలంటే "వైద్యం వస్తే చాలదూ?" అంటారు చాలామంది. చాలదనే నేనంటాను.

1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్నే చూడండి. అందులో సైకియాట్రిస్టు ఒంటరిగా పనిచేయరు. సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు ఉన్న బృందానికి పెద్దదిక్కు ఆయనే. మందుల నిల్వ చూసుకోవాలి, పీహెచ్‌సీ డాక్టర్లకు నేర్పాలి, పైఅధికారులతో పని చేయించుకోవాలి. మూడేళ్ల ఎం.డి.లో జబ్బుల గురించి క్షుణ్ణంగా చదువుతారు. ఈ పనులు మాత్రం ఎక్కువగా ఉద్యోగంలో చేరాకే, తంటాలు పడుతూ నేర్చుకుంటారు. బ్రిటన్‌లో అయితే నాయకత్వం, బృందంతో కలిసి పనిచేయడం కూడా సైకియాట్రీ శిక్షణలో భాగమే.

ఇక్కడ నష్టపోయేది ఎవరు? స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకు మందుల కోసం మా దగ్గరి బంధువొకావిడ రెండు బస్సులు మారి వెళ్తే, "స్టాకు లేదు, వచ్చే వారం రండమ్మా" అన్నారు. మందు మధ్యలో ఆగితే ఆ జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. డాక్టరు మంచివారే, వైద్యమూ మంచిదే. మందు నిండుకోకముందే తెప్పించే ఏర్పాటే లేదు. బియ్యం డబ్బా అడుగు కనిపించకముందే సరుకుల చీటీ రాసే మనకు ఈ తేడా వేరే చెప్పాలా?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యం పొందడాన్ని హక్కు చేసింది. ఆ హక్కు ఆ తల్లి చేతిలో మందుల పొట్లంగా మారాలంటే, ఆసుపత్రిని నడిపించడం కూడా డాక్టర్లకు చదువులోనే నేర్పాలి. మీరేమంటారు?