పాత గుమాస్తా ఇంకా ఇంట్లోనే ఉన్నాడు

ఒక సోదరి ఇలా వ్రాశారు: "మా ఇంట్లో లైనక్సు కంప్యూటరు ఉంది. మొన్న రాత్రి కొత్త కెర్నల్ వచ్చిందని తెరమీద కనబడితే సరేనన్నాను. తెల్లవారి మీట నొక్కితే నల్లని తెరమీద తెల్లని అక్షరాలు నాలుగు వరుసలు వచ్చి ఆగిపోయింది. బాగుచేసే కుర్రవాడు అంతా తుడిచి మళ్ళీ ఎక్కించాలంటున్నాడు. పోయిన మా అత్తగారి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?"

ముందు, తుడవనివ్వకండి.

కెర్నల్ అంటే ఇంగ్లీషులో పిక్కలోని పప్పు. 1991లో ఫిన్లండు దేశంలో, హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదట వ్రాసి విడుదల చేసింది ఈ పప్పునే. డిస్కు, తెర, అక్షరాల పలక - వీటన్నిటి వ్యవహారం చూసే గుమాస్తా వంటిది అది. మీ ఫొటోలు గుమాస్తా జేబులో లేవు. డిస్కులో వేరే చోట ఉన్నాయి. గుమాస్తా పనిలోకి రాలేదని బీరువా తగలబెట్టుకుంటామా?

పైగా, కొత్త గుమాస్తా చేరిన రోజునే పాతవాడిని పంపివేయరు. ఉబుంటు, డెబియన్ వంటి రకాలలో కొత్త కెర్నల్ పాతదాని పక్కన వచ్చి చేరుతుందే గాని, దాన్ని చెరపదు. కనుక ఇలా చేయండి. యంత్రం ఆపి, మళ్ళీ మీట నొక్కగానే షిఫ్టు పట్టుకోండి. కొన్ని కొత్త యంత్రాలలో ఎస్కేప్ నొక్కాలి. గ్రబ్ అనే జాబితా వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అన్న వరుస తెరిస్తే, కెర్నళ్ళు సంఖ్యలతో కనబడతాయి. పెద్ద సంఖ్య కొత్తది. దాని క్రిందనున్న చిన్న సంఖ్యను ఎంచుకోండి. చాలాసార్లు కంప్యూటరు ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. తెరుచుకోగానే చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు. ఫొటోలను వేరే డిస్కులోకి ఎత్తిపెట్టుకోవడం.

ఇక కారణం. డిస్కును చదవడం తెలిసిన సరంజామా కొంత డిస్కులోనే ఉంటుంది. తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినట్టన్నమాట! అందుకే ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూట కట్టి, ముందుగా జ్ఞాపకశక్తిలోకి ఎక్కిస్తారు. తాళంచెవి అందులో ఉంటుంది. ప్రతి కెర్నల్‌కూ తన మూట వేరు. పాత కెర్నళ్ళు పేరుకుని బూట్ అనే అర నిండిపోతే, కొత్త మూట సగంలో ఆగిపోతుంది. తెరమీద 'కెర్నల్ పానిక్', 'అనేబుల్ టు మౌంట్ రూట్' అన్న మాటలుంటే, చాలావరకు రోగం ఇదే.

మందు కూడా చిన్నదే. పాత కెర్నల్‌తో తెరిచిన తరువాత, 'డీఎఫ్' ఆజ్ఞతో బూట్ అర ఎంత నిండిందో చూడండి. నిండి ఉంటే 'ఆప్ట్ ఆటోరిమూవ్' అక్కరలేని పాతవాటిని తీసివేస్తుంది. మీ చేతితో ఏదీ చెరపకండి. ఇప్పుడు మిమ్మల్ని ఆదుకుంటున్న కెర్నలే పోయే ప్రమాదముంది. దాని సంఖ్య ఏదో 'యూనేమ్' ఆజ్ఞ చెబుతుంది. చోటు దొరికిన తరువాత, కొత్త కెర్నల్ సంఖ్య ఇచ్చి 'అప్‌డేట్ ఇనిట్రామ్‌ఎఫ్ఎస్' ఆజ్ఞతో మూట మళ్ళీ కట్టించి, 'అప్‌డేట్ గ్రబ్' నడపండి. ఇవి మీకు కొత్తయితే, ఆ కుర్రవాడికే ఈ పేజీ చూపించండి. అతనిపై కోపం వద్దు; తుడవడం సులువు, వెతకడం కష్టం.

తెర నల్లబడి అక్షరమైనా రాకపోతే, విడిగా వేసిన బొమ్మల కార్డు డ్రైవరు కొత్త కెర్నల్‌కు కుదరలేదేమో చూడాలి. అప్పుడూ పాత కెర్నలే దిక్కు.

పాతది కూడా లేవకపోతే? పెన్‌డ్రైవులో లైనక్సు వేసి, ఎక్కించకుండానే 'ప్రయత్నించి చూడు' అన్న పద్ధతిలో నడపండి. డిస్కు చెడిపోకుండా ఉంటే, ఫొటోలు అక్కడినుంచి తీసుకోవచ్చు. డిస్కుకు రహస్యపదం పెట్టి ఉంటే మాత్రం అది గుర్తుండాలి సుమా!

మిగిలిన పాఠకులకు ఒక్క మాట. కొత్త కెర్నళ్ళను వద్దనకండి; కనిపెట్టిన లోపాలకు దిద్దుబాట్లు వాటిలోనే వస్తాయి. కాని, పోయినవారి ముఖాలు ఒక్క డిస్కులోనే ఉంచకండి. గుమాస్తాలు మళ్ళీ దొరుకుతారు.