సున్నపురాయి దగ్గర కలిసే దారులు

మతం, పన్ను, నిర్మాణ సామగ్రి: ఈ సంచికలోని పరిశోధనలు పొంతన లేనివిగా కనిపించవచ్చు. కానీ పల్నాడులోని గురజాల ప్రాంతంలో ఈ మూడూ సున్నపురాయి దగ్గరే కలుస్తాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు బుద్ధగాథలు చెక్కింది పల్నాటి రాతిపలకల మీదే. ఆ రాయే నేడు బట్టీల్లో కాలి, సిమెంటుకు మూలమైన క్లింకర్ అవుతోంది. తవ్వితే టన్నుకింత రాయల్టీ. 2025 సెప్టెంబరులో సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ తగ్గింపు బస్తా ధర చూసింది గానీ బట్టీ పొగను చూడలేదు. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపి క్లింకర్ వాడకాన్ని సగానికి తెచ్చే ఎల్‌సీ3 సిమెంటు నిలదొక్కుకోవాలంటే ప్రయోగశాల ఒక్కటే చాలదు, పన్ను విధానమూ కదలాలి.

ఎవరి శాస్త్రం వారు లోతుగా చదివితే చాలదా అనవచ్చు. లోతు కావాల్సిందే. కానీ ఇదే పల్నాడులో పశువుల మేత పన్నుపై 1921–22లో సాగిన పుల్లరి పోరాటాన్ని రెవెన్యూ లెక్కగానే చదివితే, దాని నాయకుడు కన్నెగంటి హనుమంతు వెంట జనం ఎందుకు నడిచారో బోధపడదు. పన్ను న్యాయమైనదా కాదా అన్నది జనం నమ్మకాలను బట్టి కూడా తేలుతుంది.