చెడిన ప్రయోగం చేసిన మేలు

పిల్లలూ! నీళ్ళ సీసా ఖాళీ కాగానే దాని మూతను ఎక్కడో విసిరేస్తారు కదూ? ఈసారి మాత్రం విసరకండి. దానితో ఈ నెల మనకు పని ఉన్నది. ముందుగా, అటువంటి ప్లాస్టిక్కు పుట్టడానికి కారకుడైన ఒక పెద్దమనిషి కథ వినండి.

ఆయన పేరు కార్ల్ జీగ్లర్. 1898లో జర్మనీలో, కాస్సెల్ నగరానికి దగ్గరగా ఉన్న హెల్సా అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. బడిలో చదువుకునే రోజుల్లో ఒక భౌతికశాస్త్ర పుస్తకం కుర్రవాడి మనసు పట్టేసింది. అది మొదలు ఇంట్లోనే ప్రయోగాలు చేసేవాడు. పాఠాలలో లేని సంగతులు వెతికి వెతికి చదివేవాడు. మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో చేరేసరికి ఆయనకు ఎంత వచ్చి ఉన్నదంటే, మొదటి సంవత్సరపు చదువు అక్కరలేకుండానే పై తరగతికి పోగలిగాడు. 1918లో యుద్ధరంగానికి వెళ్ళవలసివచ్చింది. తిరిగివచ్చి 1920లో డాక్టరు పట్టం పుచ్చుకున్నాడు. తరవాత హైడెల్‌బర్గ్‌లోనూ, హాలెలోనూ ఎన్నో ఏళ్ళు రసాయనశాస్త్రం బోధించాడు.

1943లో మూల్‌హైమ్ పట్టణంలోని బొగ్గు పరిశోధన సంస్థకు ఆయనను అధిపతిగా పిలిచారు. అది బొగ్గు గనుల సీమ. ఆయన ఒక షరతు పెట్టాడు: “బొగ్గుతో సంబంధం ఉన్నా లేకపోయినా సరే, నాకు తోచిన పరిశోధన చేయనివ్వాలి!” సంస్థవారు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు ఎంత మేలు చేసిందో పదేళ్ళకు గాని తెలియలేదు.

ఇథిలీన్ అనే వాయువు ఉన్నది. అరటిగెల మాగేటప్పుడు కాయలలోంచి వచ్చేది అదే. దాని అణువులను పూలదండలా ఒకదానికొకటి గుచ్చితే పాలిథిలీన్ అనే ప్లాస్టిక్కు అవుతుంది. 1933లోనే ఇంగ్లండులో దీన్ని కనుక్కున్నారు. కాని అందుకు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లకు మించిన ఒత్తిడి కావలసివచ్చింది. అంత ఒత్తిడికి తట్టుకునే ఉక్కు యంత్రాలు పెట్టడమంటే మాటలా?

జీగ్లర్ వేరే దారి పట్టాడు. అల్యూమినియం కలిసిన ఒక ద్రవంతో ఇథిలీన్ అణువులను ఒక్కొక్కటిగా గుచ్చుతూ వచ్చాడు. ఆ ద్రవానికి గాలి తగిలితే చాలు, భగ్గున మండుతుంది. అందుచేత పని గట్టి ఉక్కు పాత్రలో మూసిపెట్టి చేసేవారు.

ఒకసారి పాత్ర తెరిచి చూస్తే దండ లేదు! రెండేసి అణువులు మాత్రం అతుక్కుని ఆగిపోయాయి. ఇదేమి చోద్యం? అదే ద్రవం, అదే వాయువు, అదే పాత్ర!

“పాడైపోయింది, పారేసి మళ్ళీ చేద్దాం” అని ఊరుకుంటే కథ అక్కడితో సరి. జీగ్లరూ, ఆయన శిష్యుడు హోల్ట్స్‌కాంపూ అలా ఊరుకోలేదు. ఓపికగా కారణం వెతికారు. తీరా చూస్తే, పాత్రలో నికెల్ లోహం లేశమాత్రం మిగిలి ఉన్నది. దండను తెంచింది అదే!

అప్పుడు జీగ్లర్‌కు ఒక ప్రశ్న తోచింది: దండను తెంచే లోహం ఉన్నప్పుడు, దండను పొడిగించే లోహం ఉండకూడదా? ఒక్కొక్క లోహాన్నే కలిపి చూశారు. 1953 చివరలో బ్రైల్ అనే శిష్యుడు జిర్కోనియం వేసినప్పుడు తెల్లని ఘనపదార్థం వచ్చింది. పాలిథిలీనే! టైటేనియం అంతకన్నా చురుకుగా పనిచేసింది. పెద్ద ఒత్తిడి అక్కరలేదు. పండ్లు నిలవచేసుకునే గాజు జాడీలోనే ప్లాస్టిక్కు తయారయింది!

అదీగాక, ఇది పాతదానికన్నా గట్టిది. ఎందుచేత? కొమ్మలున్న కట్టెలు మోపు కడితే మధ్యలో సందులు మిగులుతాయి. కొమ్మలు కొట్టేసిన కర్రలయితే దగ్గర దగ్గరగా ఒదుగుతాయి. పాత పాలిథిలీన్ దండలకు కొమ్మలు జాస్తి. జీగ్లర్ దండలు తిన్నని కర్రలు. మరుసటి ఏడు ఇటలీలో నట్టా అనే ఆచార్యుడు ఇటువంటి మిశ్రమంతోనే పాలిప్రొపిలీన్‌ను చక్కగా గుచ్చాడు. 1963లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. తనకు వచ్చిన ధనంలోంచి సుమారు 4 కోట్ల మార్కులు జీగ్లర్ తన సంస్థ పరిశోధనలకే నిధిగా ఇచ్చాడు. 1973లో మూల్‌హైమ్‌లోనే కన్నుమూశాడు.

చెక్కుచెదరకపోవడమే ఈ ప్లాస్టిక్కు గొప్పతనం. ఇప్పుడు మనకు తలనొప్పి కూడా అదే. పారేస్తే మట్టిలో కుళ్ళదు, కాలవలలో అడ్డుపడుతుంది. ఆ చిక్కు విప్పే పని మీ తరానిది.

ఇక మూత తీయండి. పెద్దవారి చేత సీసాలోంచి చిన్న ముక్క కత్తిరించుకోండి. రెంటినీ నీళ్ళలో ముంచి, గాలి బుడగలు పోయేటట్టు తట్టి వదలండి. ముక్క మునుగుతుంది, మూత తేలుతుంది. మూత సాధారణంగా పాలిథిలీన్‌తో గాని, పాలిప్రొపిలీన్‌తో గాని చేస్తారు. అవి నీటికన్నా తేలిక. సీసా వేరే ప్లాస్టిక్కు. అది నీటికన్నా బరువు.

ఒకవేళ మీరు చేసినప్పుడు అలా జరగలేదనుకోండి. “తప్పు వచ్చింది” అని నీళ్ళు పారబోయకండి. ఎందుకు అలా అయిందో వెతకండి. ఎవరు చూడవచ్చారు, మీ పళ్ళెంలో కూడా ఒక నికెల్ రవ్వ దాగి ఉన్నదేమో!